రెండు నెలల జాప్యం: బ్రిటన్ ప్రధాని లార్డ్ సాలిస్బరీ జీవిత కథ

ధాత కరువు మాట వినని ఇల్లు మన కర్నూలు సీమలో తక్కువ. 1876లో, ధాత నామ సంవత్సరంలో వానలు తప్పి మొదలైన ఆ కరువు ఈశ్వర నామ సంవత్సరం దాటేదాకా వదలలేదు. తాతలు ముత్తాతల నోట విన్న కథలు మనకు ఇంకా జ్ఞాపకమే. ఆ రోజుల్లో మన ఊళ్ళ గోడు కలెక్టరు కచేరీ నుండి మద్రాసుకు, మద్రాసు నుండి కలకత్తాకు, అక్కడి నుండి లండనుకు పోయేది. ఆ కాగితాలు చివరికి చేరే బల్ల ఎవరిదో మనలో చాలామందికి తెలియదు. ఆ బల్ల ముందు కూర్చున్నవాడు లార్డ్ సాలిస్బరీ. ఇంగ్లండులో పేరుమోసిన జమీందారు. తర్వాత మూడుసార్లు ఆ దేశానికి ప్రధానమంత్రి అయి, మొత్తం పదమూడేళ్ళకు పైగా ఏలాడు.

ఆయన్ను దుర్మార్గుడని ఒక్క మాటతో తీసిపారేయడానికి లేదు. మంచివాడని మెచ్చుకోవడానికీ మనసు ఒప్పదు. కథ మొదటినుండీ చెప్పుకుంటే గాని ఆ మనిషి అర్థం కాడు.

లండనుకు ఉత్తరాన హాట్‌ఫీల్డ్ అనే ఊరుంది. అక్కడ 1611లో కట్టిన రాజభవనం లాంటి ఇల్లు సాలిస్బరీ వంశానిది. ఇంటి పేరు సెసిల్. వంశానికి మూలపురుషుడు విలియం సెసిల్ మొదటి ఎలిజబెత్ రాణికి ముఖ్యమంత్రిగా పనిచేశాడు. ఆయన కొడుకు రాబర్ట్ ఆ రాణికీ, తర్వాత వచ్చిన ఒకటవ జేమ్స్ రాజుకూ మంత్రి. ఈ భవంతి కట్టించింది ఆ రాబర్టే. మన కథానాయకుడి పేరు కూడా రాబర్టే. 1830 ఫిబ్రవరి 3న ఆ ఇంట్లోనే పుట్టాడు. తొమ్మిదేళ్ళకే తల్లి పోయింది. తండ్రి కాస్త కఠినుడు. మన జమీందారీల్లో లాగే అక్కడా ఆస్తీ బిరుదూ పెద్ద కొడుక్కే పోతాయి. రాబర్టుకు ఒక అన్న ఉన్నాడు గనుక ఇతనికి వచ్చేదేమీ లేదు.

పిల్లవాడు పొడుగ్గా, బక్కపలచగా, ఒంటరిగా ఉండేవాడు. పెద్దింటి పిల్లలు చదివే ఈటన్ బడిలో చేర్చారు. తెలివైనవాడు, ఆటలు రావు, ఎదురు తిరగడం తెలియదు. తోటి పిల్లలు అతన్ని కొట్టని రోజు లేదు. ఇంటికి ఉత్తరాలు రాసి రాసి మొరపెట్టుకున్నాడు. చివరికి 1845లో తండ్రి బడి మాన్పించాడు. ఆ తర్వాత సెలవుల్లో లండన్ వెళ్ళినా, ఈటన్ పిల్లలు ఎదురుపడతారేమోనని పెద్ద వీధులు వదిలి సందుల్లో నడిచేవాడట. మనుషుల గుంపు మీద ఆయనకు జీవితాంతం ఉన్న అనుమానానికి బీజం అక్కడే పడిందనుకుంటే తప్పులేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ఆరోగ్యం బాగాలేక రెండేళ్ళకే ముగిసింది. వైద్యుల సలహా మీద 1851లో ఓడ ఎక్కించారు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తిరిగాడు. ఆస్ట్రేలియాలో అప్పుడే బంగారం బయటపడి జనం ఎగబడుతున్నారు. ఈ కుర్రదొర పొడుగు టోపీ పెట్టుకుని ఆ గనుల దగ్గరికి వెళ్ళి చూశాడు. 1853లో తిరిగి వచ్చాక స్టామ్‌ఫర్డ్ నుండి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. ఎన్నికంటే పోటీ లేదు. ఆ ఊరు తమ బంధువుల పలుకుబడి కింద ఉండేది. ఇరవై మూడేళ్ళకే మెంబరు.

1857లో జార్జినా ఆల్డర్సన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఒక జడ్జి కూతురు. చదువు, తెలివి, ధైర్యం ఉన్నా తమ అంతస్తుకు తగిన సంబంధం కాదని తండ్రి ఒప్పుకోలేదు. కొడుకు వినలేదు. దాంతో ఇంటి నుండి వచ్చే డబ్బు చాలక, పత్రికలకు రాసి సంసారం నెట్టాడు. పేరు వేయకుండా వందల వ్యాసాలు రాశాడు. ఇంత పెద్ద ఇంటి బిడ్డ కలం అమ్ముకుని బతకడం ఆ రోజుల్లో వింత. పద్ధతిగా రాయడం, పదునుగా రాయడం ఆయనకు అక్కడే అలవడింది. ఆ పదును ఒకనాడు ఆయనకే తగులుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఆ సంగతి ముందుకు వస్తుంది.

1865లో అన్న పోయాడు. వారసత్వం రాబర్టుకు వచ్చింది. తండ్రితో తగవూ సర్దుకుంది. మరుసటి ఏడు, 1866 జూలైలో, కన్సర్వేటివ్ పార్టీ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి అయ్యాడు. వయసు ముప్ఫై ఆరు. మన దేశం ఎన్నడూ చూడలేదు. చివరిదాకా చూడనూ లేదు.

ఆయన కుర్చీలో కూర్చునేసరికి ఒరిస్సాలో ఆకలి చావులు మొదలై నెలలయింది. 1865లో వానలు ముందే ఆగిపోయి వరి పంట పోయింది. ధర పెరిగితే వర్తకులే ధాన్యం తెస్తారు, సర్కారు జోక్యం అక్కర్లేదు అని కలకత్తా అధికారుల నమ్మకం. వర్తకులు తేలేదు. లండనుకు వచ్చిన రిపోర్టుల్లో పెద్దగా భయపడాల్సింది లేదన్న ధోరణే ఉంది. కొత్త మంత్రి వాటిని నమ్మాడు. రెండు నెలలు ఏమీ చేయలేదు. సంగతి తెలిసేసరికి ఋతుపవనాలతో ఒరిస్సా రేవులు మూతపడ్డాయి. ఓడలు ఒడ్డుకు రాలేవు, బళ్ళు బురదలో కదలలేవు. పది లక్షల మంది చనిపోయారని లెక్క. అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లా, అంటే మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న సీమ కూడా, ఆ కరువులో నలిగింది.

ఆ సంవత్సరమే మన సీమలోనూ కరువు. ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు ఇంటి ముందు పొయ్యిలు పెట్టించి వేల మందికి అన్నం పెట్టింది ఆ కరువులోనే. ఆ దానం సంగతి విక్టోరియా రాణి దాకా పోయి పతకం వచ్చింది. రెడ్డిగారికి ఏ రిపోర్టూ అక్కర్లేకపోయింది, గడప ముందుకు వచ్చిన మనిషి కడుపు కనిపించింది. ఆరువేల మైళ్ళ అవతల ఉన్న మంత్రికి కాగితం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇద్దరినీ పోల్చడం న్యాయం కాదనేవారు ఉండవచ్చు. కానీ సాలిస్బరీ తానే ఆ పోలికను తప్పించుకోలేదు. ఆ రెండు నెలల పాపంలో తనకు భాగం లేదని తనకు ఎన్నడూ అనిపించలేదని తర్వాత ఒప్పుకున్నాడు. రిపోర్టు రాసేవాళ్ళ మాట, నిపుణుల మాట గుడ్డిగా నమ్మకూడదని ఆయనకు గట్టిగా పట్టుకుంది అప్పుడే.

ఆ ఉద్యోగం ఎనిమిది నెలలే. 1867 మార్చిలో సొంత పార్టీ ప్రభుత్వం పట్టణాల్లోని కార్మికులకు ఓటు హక్కు ఇచ్చే బిల్లు పెడితే, అది ఇష్టం లేక రాజీనామా చేసి బయటికి వచ్చాడు. ఆ బిల్లు వెనక ఉన్నది డిజ్రేలీ. ఆయన్ను సాలిస్బరీ నమ్మదగని మనిషి కింద జమకట్టి ఏళ్ళ తరబడి దుమ్మెత్తి పోశాడు. 1868లో తండ్రి పోయాక మూడవ మార్క్విస్ ఆఫ్ సాలిస్బరీ అనే బిరుదుతో ప్రభువుల సభకు వెళ్ళాడు. ఇక జనం ఓటుతో పని లేదు. మధ్యలో దివాలా అంచున ఉన్న ఒక రైల్వే కంపెనీకి చైర్మన్‌గా నాలుగేళ్ళు పనిచేసి దాన్ని నిలబెట్టాడు. లెక్కలు చూడటంలో దిట్ట.

1874లో డిజ్రేలీ ప్రధాని అయ్యాడు. పాత పగ దిగమింగి సాలిస్బరీ మళ్ళీ భారత వ్యవహారాల మంత్రిగా చేరాడు. ఈసారి నాలుగేళ్ళు. మనకు కావలసిన కథంతా ఆ నాలుగేళ్ళలోనే ఉంది.

మొదట బీహారులో కరువు వచ్చింది. ఒరిస్సా పాఠం మరువని కలకత్తా ప్రభుత్వం బర్మా నుండి ఓడల మీద బియ్యం దింపింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి దగ్గరుండి పంచాడు. చావులు చాలా తక్కువ. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఇంత బాగా ఎదుర్కొన్న కరువు మరొకటి లేదు. మెచ్చుకోవాల్సింది పోయి, డబ్బు తగలేశాడని టెంపుల్ మీద విరుచుకుపడ్డారు. ఈ తిట్లు ఆయన గుర్తుపెట్టుకున్నాడు. దాని ఫలితం మూడేళ్ళ తర్వాత మన మీద పడింది.

1875లో సాలిస్బరీ తన ఆఫీసు ఫైలులో ఒక నోటు రాశాడు. హిందూ దేశపు పన్నుల భారమంతా రైతు నెత్తిన పడుతోందనీ, డబ్బు లేని పల్లెల మీద శిస్తు వేసి, డబ్బు మూలుగుతున్న పట్టణాలను వదిలేయడం తెలివైన పని కాదనీ దాని సారాంశం. పైగా వసూలైన దానిలో చాలా భాగం బదులు ఏమీ రాకుండానే దేశం దాటి పోతోందని కూడా ఒప్పుకున్నాడు. రోగికి నెత్తురు తీయడం అప్పటి వైద్యం. ఆ పోలికే తెచ్చి, ఈ దేశం నుండి నెత్తురు తీయక తప్పదు గనుక కత్తి గాటు నెత్తురు నిండుగా ఉన్నచోట పెట్టాలి గాని ఎండిపోయిన చోట కాదని రాశాడు. శిస్తు కట్టలేక ఎద్దులు అమ్ముకున్న రైతు ఏ మాట అనాలనుకుంటాడో, దాన్ని సాక్షాత్తూ మంత్రే రాశాడన్నమాట. రాసి ఏం చేశాడు? శిస్తు తగ్గించలేదు. నెత్తురు తీయడం తప్పదన్న మొదటి మాట మాత్రం ఖాయంగా అమలు జరిగింది.

అదే కాలంలో మాంచెస్టరు మిల్లు యజమానుల కోసం మన దేశానికి వచ్చే బట్టల మీద సుంకం ఎత్తేయమని ఒత్తిడి తెచ్చాడు. అది నచ్చని వైస్రాయి నార్త్‌బ్రూక్ 1876లో తప్పుకోవడానికి అదీ ఒక కారణం. సివిల్ సర్వీసు పరీక్షకు గరిష్ఠ వయసు ఇరవై ఒకటి నుండి పందొమ్మిదికి దించిందీ సాలిస్బరీ హయాంలోనే. పరీక్ష జరిగేది లండనులో. పందొమ్మిదేళ్ళ లోపు ఇంగ్లీషు చదివి, ఓడ ఎక్కి వెళ్ళి పరీక్ష గెలవగల పిల్లలు మన దేశంలో ఎందరుంటారు? దీని మీదనే బెంగాలు నాయకుడు సురేంద్రనాథ్ బెనర్జీ ఊరూరా తిరిగి సభలు పెట్టాడు. దేశమంతా ఒక్క మాట మీదికి రావడం అలా మొదలైంది.

నార్త్‌బ్రూక్ స్థానంలో లిట్టన్ ప్రభువు వైస్రాయిగా వచ్చాడు. ఆ ఏడాదే మన వైపు వానలు ఎగ్గొట్టాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు కమిలిపోయాయి. ఇప్పటి అనంతపురం జిల్లా అప్పుడు బళ్ళారిలోనే ఉండేది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు గుట్టుగా ముప్ఫై వేల టన్నుల ధాన్యం కొనిపించాడు. వర్తకంలో సర్కారు చేయి పెట్టడం ఏమిటని లిట్టన్ మందలించాడు. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో లిట్టన్ దర్బారు చేశాడు. అదే సమయానికి సాలిస్బరీ లండనులో లేడు. టర్కీ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో యూరపు దేశాల సమావేశంలో కూర్చుని ఉన్నాడు. మన కరువు సంగతి చూడాల్సిన మంత్రికి టర్కీ, రష్యాల తగవు తీర్చే పని పడింది.

ఖర్చు అదుపు చేయమని లిట్టన్ మద్రాసుకు పంపిన మనిషి ఎవరనుకున్నారు? బీహారులో ప్రాణాలు కాపాడి తిట్లు తిన్న రిచర్డ్ టెంపుల్. ఈసారి ఆయన పొదుపు చూపదలిచాడు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజు కూలి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన పప్పూ ఉప్పుకు కొద్ది డబ్బు మాత్రమే అని తేల్చాడు. పొద్దస్తమానం సమ్మెట ఎత్తేవాడికి అది ఏ మూలకు? మద్రాసు ఆరోగ్యశాఖ అధిపతి డాక్టర్ కార్నిష్ అది చాలదని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలు గడిచాక గాని కొలత పెంచలేదు. ఆ కొన్ని నెలల్లో పోయినవాళ్ళు పోయారు.

సాలిస్బరీ తిరిగి వచ్చాక కూడా ఈ పొదుపు పద్ధతికి అడ్డు చెప్పలేదు. ఒరిస్సా విషయంలో తెలియలేదని చెప్పుకున్నాడు. ఈసారి తెలియకపోవడం లేదు. తంతి వచ్చింది, రైలు వచ్చింది, పత్రికలు రాశాయి. మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ గోల పెట్టి ఇంగ్లండులో చందాలు పోగు చేయించాడు. అక్కడి సామాన్య జనం లక్షల పౌన్లు ఇచ్చారు. జనం చందా ఇవ్వగలిగారు, మంత్రి హుకుం ఇవ్వలేకపోయాడు. దక్షిణ దేశమంతా కలిపి యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఒక్క కర్నూలు జిల్లాలోనే జనం సుమారు నాలుగో వంతు తగ్గారు. నలుగురున్న ఇంట్లో ఒకరు లేకుండా పోయినట్టు. కోస్తాలోని బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే. గవర్నరు పేరు దానికి నిలిచింది.

1878 ఏప్రిల్‌లో సాలిస్బరీ విదేశాంగ మంత్రి అయి మన ఫైళ్ళు వదిలేశాడు. కరువు కమిషను వేయడం, కరువు చట్టాలు రాయడం ఆ తర్వాతి సంగతి.

ఇక ఆయన దశ తిరిగింది. ఆ ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహాసభకు డిజ్రేలీతో కలిసి వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. 1881లో డిజ్రేలీ చనిపోయాక పార్టీ పగ్గాలు చేతికి వచ్చాయి. 1885లో మొదటిసారి ప్రధాని, కొద్ది నెలలే. ఆ కొద్ది నెలల్లోనే ఉత్తర బర్మా మీద యుద్ధం చేసి కలుపుకున్నారు. 1886 నుండి 1892 దాకా ఒకసారి, 1895 నుండి 1902 దాకా ఇంకోసారి. ఎక్కువ కాలం విదేశాంగ శాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆఫ్రికా ఖండాన్ని యూరపు దేశాలు పంచుకుంది ఈయన రోజుల్లోనే. ఆ పంపకంలో నెత్తురు తక్కువ ఒలికేలా పటాల మీద గీతలు గీయడంలో ఆయన నేర్పరి. గీతల లోపల ఉన్నవాళ్ళను ఎవరూ అడగలేదు. సొంత దేశంలో జిల్లా కౌన్సిళ్ళు పెట్టించాడు, 1891లో ప్రాథమిక బడుల్లో ఫీజు లేకుండా చేశాడు. మేనల్లుడు బాల్ఫర్‌కు, అల్లుడికి, బంధువులకు పదవులు ఇస్తాడని ఆ మంత్రివర్గానికి సెసిల్ హోటల్ అని జనం పేరు పెట్టారు.

మనిషి విచిత్రమైనవాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, గుబురు గడ్డం, నలిగిన కోటు. పక్కన కూర్చున్న సొంత మంత్రినే గుర్తుపట్టలేదని చెబుతారు. హాట్‌ఫీల్డ్‌లో సొంతంగా సైన్సు ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఆ దేశంలో కరెంటు దీపాలు పెట్టించిన మొదటి పెద్ద ఇళ్ళలో ఆయనదీ ఒకటి. తీగలు నిప్పురవ్వలు చిమ్మితే భోజనాల దగ్గర కూర్చున్నవాళ్ళు దిండ్లు విసిరి ఆర్పేవాళ్ళట. 1881లో తీగ తగిలి ఒక తోటమాలి ప్రాణం పోయింది. డ్యూక్ బిరుదు ఇస్తానని రాణి అడిగితే వద్దన్నాడు. ముసలితనంలో ఒళ్ళు కదలడానికి మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు.

1888లో ఎడిన్‌బరో సభలో ఆయన నోరు జారింది. దాదాభాయి నౌరోజీ లండనులో పార్లమెంటుకు నిలబడి అప్పటికే ఒకసారి ఓడిపోయాడు. ఒక నల్లవాణ్ణి ఎన్నుకునే స్థితికి ఇంగ్లీషు ఓటర్లు రాలేదన్న అర్థంలో ప్రధాని మాట్లాడాడు. నిజానికి నౌరోజీ ప్రధాని కంటే తెల్లగా ఉంటాడని పత్రికలు ఎకసెక్కం చేశాయి. ఆ మాటతో నౌరోజీ పేరు ఇంగ్లండులో ఇంటింటికీ తెలిసింది. 1892లో వేళ్ళ మీద లెక్కపెట్టగల ఓట్ల తేడాతో ఆయన గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టాడు. అవే ఎన్నికల్లో సాలిస్బరీ ప్రభుత్వం పోయింది.

నౌరోజీ అంతటితో ఊరుకోలేదు. దేశ సంపద ఎలా తరలిపోతోందో లెక్కలు కట్టి రాస్తూ, మాట్లాడుతూ, సాక్ష్యంగా మళ్ళీ మళ్ళీ చూపించింది దేన్నో తెలుసా? 1875 నాటి ఆ నెత్తురు నోటునే. ఇది నా మాట కాదు, మీ మంత్రి రాసుకున్న మాటే అని చూపేవాడు. పత్రికలకు రాసి సంపాదించిన ఆ పదును అలా ఎదురు తిరిగింది. ఫైలులో ఉండిపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

చివరి దశలో 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం వచ్చింది. నేటాల్‌లో వకీలుగా ఉన్న గాంధీగారు గాయపడ్డ సైనికులను మోయడానికి భారతీయుల దళం నడిపింది ఆ యుద్ధంలోనే. మన కోస్తా జిల్లాల నుండి చెరకు తోటల కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళెందరో అప్పటికే నేటాల్‌లో ఉన్నారు. ఇంగ్లీషు సైన్యం బోయర్ల ఆడవాళ్ళనూ పిల్లలనూ శిబిరాల్లో కుక్కితే ఇరవై వేలకు పైగా చనిపోయారు. శిబిరం, చాలని తిండి, రోగం. ఆయన రోజుల్లో ఇది కొత్త కాదు.

1899 నవంబరులో భార్య జార్జినా పోయింది. అప్పటి నుండి మనిషి సగం అయ్యాడు. 1901 జనవరిలో రాణి పోయింది. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు, 1902 జూలైలో రాజీనామా చేసి గద్దె మేనల్లుడు బాల్ఫర్‌కు అప్పగించాడు. ప్రభువుల సభలో కూర్చుని ఏళ్ళ తరబడి దేశాన్ని నడిపిన ప్రధాని ఆయన తర్వాత లేడు.

1903 ఆగస్టు 22న హాట్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశాడు. ఇంటి పక్కనే ఉన్న చర్చి ఆవరణలో, భార్య పక్కన పూడ్చారు. ఆఫ్రికాలో 1890లో వెలిసిన ఒక ఊరికి ఆయన పేరు పెట్టారు. క్రికెట్ వినేవాళ్ళకు ఆ ఊరు తెలుసు. జింబాబ్వే స్వాతంత్ర్యం వచ్చాక 1982లో సాలిస్బరీ పేరు తీసేసి హరారే అని మార్చుకున్నారు.